సన్న బ్రెయిడ్‌తో రెండేళ్లు: గాలి లేనంతసేపూ బంగారమే

మొదటి మూడు నెలల మోజులో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ రీల్‌కి ఈ 0.4 నంబరు పీఈ బ్రెయిడే (పాలిథిలీన్ పోగుల్ని జడలా అల్లిన, చేపలు పట్టే దారం) ఎక్కించుకోమని చెప్పాను. ఇప్పటికి రెండేళ్లు దాటింది. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, దానికి కొన్ని షరతులు తగిలించక తప్పడం లేదు. తెగే బలం, ముడి పట్టు లాంటివి అందరూ చెప్పేవే, వదిలేస్తున్నా. నా గొడవంతా ఒక్క విషయం మీదే. రెండు గ్రాములు కూడా తూగని జిగ్ (బరువు తల ఉన్న గాలపు ముల్లు) ఎంత వేగంగా దిగుతోంది, ఈ క్షణాన ఎంత లోతులో ఉంది అనేది ఈ లైన్ నాకు సరిగ్గా చెబుతోందా లేదా?

నేను ఒడ్డున నిలబడి పట్టేవాణ్ణి. 1.8 గ్రాముల జిగ్ హెడ్, దానికి రెండంగుళాల మెత్తటి తోక, మూడు నుంచి ఐదు మీటర్ల నీళ్లు. అంతకుముందు 0.2 మిల్లీమీటర్ల నైలాన్ వాడేవాణ్ణి. ఈ బ్రెయిడ్ మందం దాదాపు అందులో సగం. జిగ్ దిగుతూ తన వెంట లైన్‌ని కూడా నీళ్లలోంచి ఈడ్చుకుపోవాలి కదా. బరువైన జిగ్‌కి అదొక లెక్క కాదు. ఇంత తేలికదానికి మాత్రం లైన్ మందమే బ్రేకు వేస్తుంది.

కొన్న కొత్తలో దీన్ని పరీక్షించాలనిపించి, నీళ్లు తేటగా ఉన్న ఒక పడవల రేవులో చివరిదాకా వెళ్లి నిలబడ్డాను. అక్కడ లోతు సరిగ్గా మూడు మీటర్లు, అడుగున రాళ్లు కనిపిస్తాయి. తెల్ల రంగు జిగ్ కట్టి, రాడ్ కొస కిందనే వదిలి, ఫోన్లో సెకన్లు చూశాను. బ్రెయిడ్‌ని వదులుగా ఇస్తూ పోతే తొమ్మిది సెకన్లు. అదే జిగ్, అదే తోక, నైలాన్ మీద పదకొండు. తోక పీకేసి ఉత్త తలని వదిలితే ఆరు కూడా పట్టలేదు. అంటే లైన్ మారిస్తే వచ్చిన తేడా కంటే తోక తీస్తే వచ్చిన తేడా ఎక్కువ! ఆ రోజే నాకు దీని మీద నా పొగడ్త కాస్త తగ్గాల్సింది. తగ్గలేదు, కొత్త మోజు అలాంటిది.

నిజంగా నన్ను పడేసింది వేరే. లైన్ బిగువుగా పట్టి దింపినా, వదులుగా దింపినా, గాలి లేని పొద్దున ఈ బ్రెయిడ్ మీద జిగ్ దిగే సెకన్ల లెక్క, దేనిది దానికి, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒకేలా వచ్చేది. వదులుగా ఇస్తే జిగ్ పడ్డచోటే నిట్టనిలువుగా దిగుతుంది. బిగబడితే ఊయలలా వంపు తిరిగి నా వైపు వస్తూ, నిదానంగా దిగుతుంది. చేపలు నడినీట్లో ఉన్నప్పుడు నాకు రెండోదే పనికొచ్చేది. చూపుడు వేలు స్పూల్ (రీల్లో లైన్ చుట్టుకునే చక్రం) అంచుకి ఆనించి, లైన్‌ని కొద్దికొద్దిగా వదులుతూ ఎనిమిది లెక్కపెడితే చేప, తొమ్మిది దాకా ఆగితే ఏమీ లేదు. అలాంటి పొద్దుటి పూటలు చాలానే చూశాను. లెక్క పూర్తి కాకుండానే లైన్ నడక ఆగితే జిగ్‌ని మధ్యలోనే ఎవరో పట్టుకున్నట్టు. ఒక వేటలో దొరికిన ఏడింటిలో ఐదు అలా దిగేటప్పుడు దొరికినవే.

ఇక ఆ సాయంత్రం సంగతి.

నాలుగు మీటర్ల నీళ్లు. ఎడమ నుంచి కుడికి గాలి, మరీ ఎక్కువేం కాదు, నీటి మీద చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. పక్కన నా స్నేహితుడు. వాడిది 0.165 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ లైన్, స్పూల్ నిండా అదే. నాదేమో ఈ బ్రెయిడ్, చివర అరవై సెంటీమీటర్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (బ్రెయిడ్‌కీ జిగ్‌కీ మధ్య కట్టే ముక్క). జిగ్‌లు ఇద్దరివీ ఒకే ప్యాకెట్లోవి. గంటలో వాడు ఐదు పట్టాడు, నాకు ఒక్క తాకుడు కూడా లేదు.

“ఎంత లెక్కపెడుతున్నావురా?” అని అడిగాను.

“పన్నెండు.”

“నేనూ పన్నెండే!”

“అయితే నీది అడుక్కి చేరట్లేదేమో చూసుకో. నాకు ముల్లుకి నాచు వస్తోంది.”

నిజమే, వాడి జిగ్ ప్రతిసారీ చిన్న పచ్చటి పోగుతో వస్తోంది. నాది కడిగినట్టు వస్తోంది. గంటసేపూ అది నా కంటి ముందే ఉంది, నేను చూడలేదు. తోక రంగు మూడుసార్లు మార్చాను గానీ ముల్లు వంక ఒక్కసారి చూడలేదు. పదిహేను లెక్కపెట్టి లాగాను, నాచు లేదు. ఇరవై దాకా ఆగాను, లేదు. ఇరవై ఆరుకి మొదటి పోగు తగిలింది. అప్పుడు లైన్ వైపు చూస్తే, రాడ్ కొస నుంచి నీటి దాకా విల్లులా కుడివైపుకి వంగి, అక్కడి నుంచి నీటి మీద తేలుతూ ఇంకో పెద్ద వంపు. గాలి ఆ వంపుని లాగుతుంటే 1.8 గ్రాముల జిగ్ ఎక్కడ దిగుతుంది, గాలిపటం కట్టిన రాయిలా నడినీట్లో పక్కకి నడుస్తోంది.

తప్పు లైన్‌ది కాదని తెలుసు. పీఈ సాంద్రత 0.97, నీటి కంటే తేలిక, కాబట్టి తేలుతుంది. ఫ్లోరోకార్బన్‌ది 1.78, పడగానే మునిగి గాలికి దొరక్కుండా పోతుంది. నైలాన్ 1.14తో మధ్యలో ఎక్కడో. ఇవన్నీ నాకు ముందే తెలిసిన అంకెలే. అయినా ఒళ్లు మండింది, ఎందుకంటే నేను ఈ లైన్ కొన్నదే లోతు కచ్చితంగా తెలుస్తుందని.

తర్వాత చాలా ప్రయత్నాలు చేశాను. విసిరిన వెంటనే రాడ్ కొసని నీటికి ఆనించి, హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి వంపు తీసేసి, అప్పుడు లెక్క మొదలుపెట్టడం బాగా పనిచేసింది. లీడర్‌ని రెండు మీటర్లు చేస్తే ఇంకొంచెం మేలు, కానీ దాని ముడి రాడ్ రింగుల్లోంచి పోతూ టక్కుమని తగులుతుంది, విసురు దూరం తగ్గుతుంది. ఎక్కువ లాభం వచ్చింది ఇంకోచోట. అదే బరువు సీసం కంటే చిన్నగా ఉండే టంగ్‌స్టన్ హెడ్ 2.5 గ్రాములది పెట్టి, సన్న తోక తీసేసి వెడల్పు తోక గుచ్చాను. దిగే వేగం దాదాపు పాత లెక్కకే వచ్చింది, గాలికి మాత్రం అంత తొందరగా కొట్టుకుపోవట్లేదు. అయితే వెడల్పు తోక ఊపు వేరు. చేపలు బద్ధకంగా ఉన్న రోజుల్లో ఆ ఊపు వాటికి నచ్చట్లేదని నా అనుమానం.

తిప్పేటప్పుడు సంగతి కూడా చెప్పాలి. అడుక్కి దించడం ఒక ఎత్తు, అక్కడే నడిపించడం ఇంకో ఎత్తు. ఇంత తేలిక జిగ్ హ్యాండిల్ తిప్పగానే పైకి లేస్తుంది. రాడ్ కొస కిందికి పెట్టి, మూడు చుట్లు తిప్పి రెండు లెక్కపెట్టి ఆగితేనే లోతు నిలుస్తుంది. ఇది ఏ లైన్‌కైనా అంతే.

ఈ బ్రెయిడ్‌కి పది మీటర్లకి ఒక రంగు ఉంటుందని మొదట్లో మురిసిపోయాను. ఎనిమిది నెలలకి ఆకుపచ్చ ఏదో నీలం ఏదో తెలియకుండా వెలిసిపోయాయి. పడవలోంచి నిట్టనిలువుగా దింపేవాళ్లకి రంగులు లోతే చెబుతాయి. ఒడ్డున ఉన్న నాకు ఎంత దూరం విసిరానో తప్ప ఇంకేం చెప్పవు.

ఇంకొకటి, వదులుగా దింపడం అలవాటైతే స్పూల్ మీద లైన్ కూడా వదులుగా చుట్టుకుంటుంది. మూడో నాలుగో విసురుకి ఓ గుంపు ఉచ్చులు ఒక్కసారిగా ఊడివచ్చి ముడిపడతాయి. సాలెపోగంత సన్నం, వేళ్లతో విప్పడం నా వల్ల కాదు, కోసేయడమే. బెయిల్‌ని (విసిరేటప్పుడు తెరిచే రీల్ మీది తీగని) చేత్తో మూసి, ఒకసారి వేళ్లతో లాగి బిగించాకే తిప్పడం మొదలుపెట్టాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

కొనాలా అంటే, నేను వెళ్లేది ఎక్కువగా తెల్లవారుజామున, గాలి లేచేలోపు ఇంటికొచ్చేస్తాను కాబట్టి నాకు ఇది ఇంకా నచ్చుతోంది. మీకు కుదిరేది సాయంత్రాలే అయితే, అందులోనూ పక్కగాలి ఉండే ఒడ్డు అయితే, నా స్నేహితుడి దారే నయం అనిపిస్తుంది. ఫ్లోరోకార్బన్ బిరుసుగా చుట్టలు తిరుగుతుందని వాడు రోజూ తిట్టుకుంటాడు గానీ మార్చలేదు. నేనూ ఇప్పుడు రెండో స్పూల్‌కి అదే చుట్టించి సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. ఏ స్పూల్ మీద ఉన్నా మొదటి విసురు తర్వాత ముందు ముల్లుకి నాచు ఉందా లేదా చూస్తున్నాను.