సీరియల్ నలుగురితో చూడాలా, ఫోనులోనా: ఏది మేలు?

మా ఊరు పాలకొల్లుకూ నర్సాపురానికీ నడుమ, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. మా ఇంట్లో సీరియల్ చూస్తారనడం కంటే వింటారనడం సబబు. అత్తయ్యగారికి చిన్ననాటి నుంచి లేసు అల్లడం అలవాటు. రాత్రి ఏడున్నరకు టీవీ పెట్టగానే దారం ఉండ ఒళ్లో వేసుకుని కూర్చుంటారు. ఎడమ చేతి చూపుడు వేలికి దారం చుట్టి ఉంటుంది, కుడి చేతిలో కొక్కెం సూది ఆడుతూ ఉంటుంది. చూపు సూది మొన మీద, చెవి కథ మీద. తెర మీద ఎవరో నిజం దాస్తున్నారని గొంతును బట్టి తోస్తే సూది ఆగుతుంది. తలెత్తి ఒక్కసారి చూసి, "అబద్ధం చెబుతోంది" అని మళ్లీ అల్లికలో పడతారు.

ఆవిడ పక్కన కూర్చుని చూశాను, ఒంటరిగా ఫోనులోనూ చూశాను, అభిమానుల పేజీల్లో చేరి రోజుకు రెండు గంటలు ఆ చర్చల్లోనే గడిపిన కాలమూ ఉంది. మూడూ తెలుసు కాబట్టి ఏది మేలో నా వరకు చెప్పగలను.

టీవీకి ఉన్న మొదటి గుణం, అది చేతులను అడగదు. మా వైపు ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాం. ఆ లేసు ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే, వంటకూ నిద్రకూ మధ్య దొరికిన గంటల్లోనే తయారవుతుంది. ఫోను పట్టుకుంటే సూది పట్టుకోలేరు. అత్తయ్యగారికి నా ఫోనులో ఒక ఎపిసోడ్ పెట్టి గోడకు ఆనించి ఇచ్చాను. ఐదు నిమిషాల్లో రెండుసార్లు జారి పడింది, మధ్యలో ఎవరిదో ఫోను వచ్చింది. "దీన్ని కనిపెట్టుకుని కూర్చోవడమే పనిగా ఉందమ్మా" అని తిరిగి ఇచ్చేశారు.

రెండో గుణం ప్రకటనలు. నవ్వుతారేమో కానీ ఇది నిజం. అరగంట సీరియల్‌లో అసలు కథ ఇరవై నిమిషాల చిల్లరే. మిగతా సమయమంతా పక్కింటి పిన్నిగారూ, ఎదురింటి అక్కా, అత్తయ్యగారూ కథను తమ చేతుల్లోకి తీసుకునే వేళ. కార్తీక దీపం వస్తున్న రోజుల్లో, 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, ఆ విరామాల్లో మా గదిలో నడిచిన పంచాయితీలు అన్నీ ఇన్నీ కావు. కథానాయిక దీప నలుపు రంగు గురించి మొదలైన మాట మా ఊళ్లో రంగు తక్కువని తప్పిపోయిన సంబంధాల దాకా వెళ్లేది. దీప మీద ఆమె భర్త డాక్టర్ బాబు అనుమానం పిన్నిగారి జీవితంలో జరిగిన ఒక సంగతిని బయటికి తెచ్చింది. ముప్పై ఏళ్లు ఎవరికీ చెప్పని ఆ సంగతిని ఆవిడ సబ్బు ప్రకటన నడుస్తుండగా చెప్పారు. కథ మళ్లీ మొదలైనా ఆ రోజు ఎవరూ టీవీ వైపు చూడలేదు.

ఇలా చూడటం మాకు కొత్త కాదు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు వీధి మొత్తానికి ఒకే టీవీ ఉండేదట. హిందీ అర్థమయ్యేది కాదు. బడిపంతులుగారు మధ్యమధ్యలో తెలుగులో చెప్పేవారని అత్తయ్యగారు ఇప్పటికీ చెబుతారు. ఆవిడకు ఆ సీరియల్ అంటే పంతులుగారి గొంతే.

గొంతు అంటే గుర్తొచ్చింది. మన సీరియల్ నటీనటుల్లో చాలామంది కన్నడ, మలయాళ సీమల నుంచి వచ్చినవారు. వారికి మాట అరువిచ్చేది డబ్బింగ్ కళాకారులు. దీప పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ, మాతృక అయిన మలయాళ సీరియల్‌లోనూ మొదట ఆ పాత్ర వేసింది ఆమే. చెవితో కథ వినే అత్తయ్యగారు ఒకే గొంతును రెండు సీరియల్స్‌లో పట్టుకుని "ఈ అమ్మాయి ఇక్కడ కోడలు, అక్కడ ఆడపడుచు" అంటే నేను నమ్మలేదు. వెళ్లి అభిమానుల పేజీలో అడిగితే పావుగంటలో జవాబు వచ్చింది. ఆవిడ చెప్పింది నిజమే.

ఆ పేజీలు అలా దగ్గరయ్యాయి నాకు. వాటి మేలు దాచను. సీరియల్ చూసే ఆడవాళ్లంటే పని లేనివాళ్లని అనేవారే కానీ, ఆ కథ మీద నా అభిప్రాయం ఏమిటని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అక్కడ అడిగారు. నేను నాలుగు వాక్యాలు రాస్తే నలభై మంది చదివారు. ఒక దర్శకుడు ఏడుపు సన్నివేశాన్ని ఎలా సాగదీస్తాడో, మూల కథకూ రీమేక్‌కూ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడి వాళ్లు చెబుతుంటే చదువుకున్నట్టే ఉండేది. ఆదిలాబాద్ నుంచి ఒక టీచరుగారు అక్కడే పరిచయమై ఇప్పటికీ వారానికోసారి ఫోను చేస్తారు. ఇంతవరకూ ఒకరినొకరం చూసుకోలేదు.

కానీ అదే చోట చెడు పాత్ర వేసిన నటి ఫొటో కింద వచ్చే తిట్లు చదివాను. పాత్రను కాదు, ఆ మనిషిని, ఆమె తల్లిని, ఆమె పెళ్లిని తిట్టడం. బతికున్న నటులు పోయారని శీర్షిక పెట్టి వీడియోలు చేయడం. "ఆ రెండో అమ్మాయి వైపు కూడా కొంత న్యాయం ఉంది కదా" అని నేను ఒకరోజు రాశాను. మా గదిలో ఎదురింటి అక్క వారానికి మూడుసార్లు అనే మాట అది. అక్కడ మాత్రం తెల్లారేసరికి నా కాపురం గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లు తీర్పులు ఇచ్చారు. నా ప్రొఫైల్‌లోని మా పాప ఫొటో తీసి దాని మీద రాతలు రాశారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. పేజీ నడిపేవారికి చెప్పుకుంటే జవాబే లేదు.

అక్కతో అత్తయ్యగారికి ఇంతకంటే పెద్ద గొడవలే అయ్యాయి. ఒకసారి అక్క కోపంతో లేచి వెళ్లిపోయింది కూడా. మర్నాడు కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది, ఏడున్నరకు మళ్లీ అదే చోట కూర్చుంది. ఎదుట మనిషి మొహం కనిపిస్తుంటే కొన్ని మాటలు గొంతు దాటవు. ఫోను తెరకు ఆ అడ్డు లేదు.

పేజీల్లో ఇంకో భ్రమ కూడా ఉంది. సీరియల్ వేళ మార్చవద్దని, ఫలానా జంటను కలపమని వేల సందేశాలు పెడుతుంటారు. నేనూ పెట్టాను. ఛానల్ చూసేది టీఆర్పీని, అంటే ఎంతమంది చూస్తున్నారన్న లెక్కను. ఆ లెక్క కట్టే బార్క్ సంస్థ దేశమంతటా ఎంచిన ఇళ్లలో టీవీలకు మీటర్లు పెడుతుంది. ప్రసారపు శబ్దంలో మన చెవికి అందని ఒక గుర్తు కలిసి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో వారు రిమోట్‌లో తమ మీట నొక్కాలి. ఆ ఇళ్లు ఏవన్నది రహస్యం. మేము రాత్రంతా పెట్టిన వందల కామెంట్ల కంటే, ఎక్కడో మీటరున్న ఇంట్లో మా అత్తయ్యగారిలాంటి ఒక పెద్దావిడ నొక్కిన మీటకే బరువు ఎక్కువ. ఇది తెలిశాక ఆ పోరాటాల మీద నా మనసు విరిగింది.

ఒంటరిగా ఫోనులో చూడటం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో పని చేసే మా వీధి అమ్మాయి రాత్రి బస్సులో చూసుకుంటూ వస్తుంది. ఆ వేళకు ఆమెకు ఇంకో దారి లేదు. కావలసినప్పుడు చూడవచ్చు, ముందుకు జరపవచ్చు. నేను అలా జరిపి జరిపి ఒక సీరియల్ మూడు రోజుల్లో ముగించాను. అందులో ఒక్క సన్నివేశమూ ఇప్పుడు గుర్తు లేదు.

ఇక మా వదిన సంగతి. కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. మనకు ఏడున్నర అంటే అక్కడ సాయంత్రం ఐదు, పని ఊపిరి సలపనివ్వని వేళ. ఆమె తెలుగు టీవీ చూసే వీలు లేదు. అందరూ పడుకున్నాక తన గదిలో ఫోనులో ఎపిసోడ్ చూస్తుంది. ఆమె కోసమే మేము పదకొండు మందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందరూ చుట్టాలో, వీధివాళ్లో. వదిన చూశానని చెప్పేదాకా కథ బయటపెట్టకూడదు, నటులను తిట్టకూడదు. ఈ రెండే షరతులు. అత్తయ్యగారి మాటలను నేను గొంతు రికార్డు చేసి పంపుతాను, వెనకాల టీవీ చప్పుడూ పిన్నిగారి నవ్వూ కలిసే వెళతాయి.

నన్నడిగితే వీలున్నవారికి నలుగురితో టీవీయే మేలు. ఊరు దాటి వెళ్లినవారికి ఇలాంటి చిన్న గ్రూపు టీవీ కంటే కూడా మేలు. పెద్ద పేజీల్లో ఇప్పటికీ చదువుతాను, డబ్బింగ్ ఎవరిదో, మూల కథ ఏదో తెలుసుకోవడానికి. అక్కడ ఏమీ రాయను. ఆదిలాబాద్ టీచరుగారి లాంటి మనిషి మళ్లీ అక్కడ తగిలితే జవాబివ్వకుండా దాటిపోతానేమోనన్న బెంగ మాత్రం ఉంది. దానికి ఇంకా దారి దొరకలేదు.

నిన్న తెల్లవారుజామున వదిన సందేశం వచ్చింది. కథ గురించి ఒక్క ముక్కా లేదు. "రికార్డులో సూది ఆగిన చోట అత్తయ్యగారు ఏమన్నారో సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పమను" అంది.