మలేరియా తేలాక కాలా అజార్ పరీక్ష: ఆగి చేయడం మేలా, వెంటనే చేయడం మేలా?

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీకో, తాడిపత్రి బండల పనికో బీహారు నుంచి వచ్చిన కూలీ ఒకరు మూడు వారాల జ్వరంతో ఆసుపత్రికి వస్తే, రక్తపరీక్షలో మలేరియా తేలిందనుకుందాం. మలేరియా మందిచ్చి పంపి, జ్వరం తగ్గకపోతే అప్పుడు ఇసుక ఈగ ద్వారా సోకే కాలా అజార్ అనే జబ్బు సంగతి చూడడం ఒక పద్ధతి. అదే రోజు రెండో పరీక్ష కూడా చేసేయడం ఇంకొక పద్ధతి. కాలా అజార్ బీహారు, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో పాతుకున్న జబ్బే గాని మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలది కాదు గనుక, ఇక్కడి వైద్యునికి మొదటి పద్ధతే తోచడం సహజం.

అయితే ఈ రెండు జబ్బులూ ఒకదాని వెనుక ఒకటి దాక్కోగలవు. రెండింటిలోనూ జ్వరం, రక్తహీనత, మన పెద్దలు ‘కడుపులో బల్ల’ అనే ప్లీహపు వాపు కనిపిస్తాయి. 1897లో సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ అంతటివాడే, తర్వాత అస్సాంలో కాలా అజార్‌ను పరిశీలించి దాన్ని మలేరియాగానే భావించాడు. 1903లో బ్రిటిష్ సైన్య వైద్యుడు లీష్మన్, మద్రాసులో వైద్యుడిగా పనిచేస్తున్న డోనోవన్ విడివిడిగా అసలు పరాన్నజీవిని వెల్లడించాకే ఆ చిక్కు వీడింది. పైగా ఒకటి దోమతో, మరొకటి ఇసుక ఈగతో వచ్చేవి కాబట్టి రెండూ ఒకే ఒంట్లో చేరడానికి అడ్డేమీ లేదు. సూడాన్, ఉగాండాలలో అలాంటి రోగులు నమోదయ్యారు.

ఆగడంలోనూ కొంత న్యాయం ఉంది. మలేరియాలో ప్రమాదకరమైన రకం ఫాల్సిపేరమ్ రోజుల్లో ప్రాణం తీయగలదు. కాలా అజార్ నెలల తరబడి మనిషిని కరగదీస్తుంది. అందుచేత మలేరియా మందు ముందు పడాలనడంలో సందేహం లేదు. కాని వలస కూలీకి జ్వరం కాస్త తగ్గగానే పని గుర్తుకొస్తుంది, కాంట్రాక్టు ముగిస్తే ఊరు మారతాడు. ‘వారం తర్వాత రండి’ అన్న మాట అతని విషయంలో చాలాసార్లు గాలికి పోతుంది. చికిత్స లేని కాలా అజార్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. నా మటుకు తూకం ఇక్కడే రెండో పద్ధతి వైపు ఒరుగుతుంది.

మలేరియాకు కార్డు పరీక్ష పావుగంటలో తేలుతుంది, పల్లెలో ఆశా కార్యకర్త చేతికి అదే తగినది. అయితే ఫాల్సిపేరమ్‌ను పట్టే కార్డు జబ్బు నయమయ్యాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపవచ్చు. పాత మలేరియా నేటి జ్వరానికి కారణంగా లెక్కలోకి వచ్చేస్తుంది. పరాన్నజీవి ఇప్పుడు ఉందా, ఎంత ఉంది అన్నది చెప్పగలిగే రక్తపూతే (గాజు పలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) ఇలాంటి రోగికి మేలు, చూసే కన్నుకు అలవాటుంటే.

కాలా అజార్‌కు ఆర్కే39 అనే పరీక్ష స్ట్రిప్ చాలు: వేలి నుంచి ఒక చుక్క రక్తం తీస్తే సరిపోతుంది. అయితే గతంలో ఆ జబ్బు వచ్చి తగ్గినవారిలో అది ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది కాబట్టి, వారికి ఎముక మజ్జ పరీక్ష అవసరం. రెండు వారాలు దాటిన జ్వరం, బల్ల, కాలా అజార్ ఉన్న ప్రాంతాల్లో నివాసం కలిసి ఉన్నవారికే ఈ స్ట్రిప్ వాడాలి. ఎప్పుడూ ఊరు దాటని ఆదోని రైతుకు మూడు రోజుల జ్వరమొస్తే దాని పని లేదు. అందుకే ఓపీ చీటీ మీద వయసు పక్కనే సొంత ఊరు, అక్కడి నుంచి వచ్చి ఎన్ని నెలలైందన్నదీ రాయాలి.