నడుముకు కట్టే మోషన్ సెన్సర్లు: రెండు వేసవులు వాడాక

హైదరాబాద్ శివారులో మా టవర్ల సైట్‌లో సెంట్రింగ్, రాడ్ బెండింగ్ వాళ్లకు చాలాకాలంగా ఇవి కట్టిస్తున్నాం. సేఫ్టీ చూసే మనిషిగా నా మాట ముందే చెప్తాను: కొనదగ్గవే, కాకపోతే కూలీల మీద నిఘాకి వాడితే పని చెడుతుంది.

లోపల ఉండేవి ఫోన్లో ఉండేవే, కుదుపును కొలిచే యాక్సిలరోమీటర్, ఒళ్లు తిరగడాన్ని కొలిచే జైరోస్కోప్. నడుము వెనక కడితే అడుగుల్లో తేడా, ఒళ్లు పక్కకి ఊగడం బాగా తెలుస్తాయి. పడే మనిషిని మాత్రం ఇవి ఆపలేవు. మూడు మీటర్ల నుంచి పడితే నేల తాకడానికి సెకను కూడా పట్టదు. ఆ పని ఒంటికి కట్టే హార్నెస్‌ది, దాన్ని తగిలించే లైఫ్‌లైన్ తాడుది, అంచున కట్టే రెయిలింగ్‌ది. సెన్సర్లు కొన్నాం కదా అని వాటిలో ఏది తగ్గించినా నేను సంతకం పెట్టను.

బాగా పనికొచ్చింది సారవ (పరంజా) దగ్గర. అంతస్తుకో బ్లూటూత్ బీకన్ (సిగ్నల్ పంపే చిన్న పరికరం) ఉండబట్టి కుదుపు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. ఒక మలుపులో ఎవరు నడిచినా, ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ నడిచినా, గ్రాఫ్ ఒకేలా ఎగిరేది. వెళ్లి చూస్తే పైకి అంతా బాగానే ఉంది. బరువంతా ఒక పక్కకి వేస్తే పలక రెండో కొస లేచింది. కింద క్లాంపు వదులైపోయింది. రోజూ చెక్‌లిస్టులో అక్కడ టిక్కు పడుతూనే ఉంది! బిగించాక గ్రాఫ్ సర్దుకుంది.

ఎండాకాలం మధ్యాహ్నం దాటాక అవే కాళ్లు తడబడటం కూడా కనిపించింది. అంచు పనులన్నీ పొద్దున్నే పెట్టించాం.

చిరాకులూ ఉన్నాయి. చుట్టూ ఇనుమే కాబట్టి మాగ్నెటోమీటర్ (లోపలి దిక్సూచి) చెప్పే దిక్కును నమ్మలేం. భుజాన రాడ్ల కట్ట ఉంటే నడక మామూలుగానే మారుతుంది, నడకకు స్కోరు ఇచ్చే యాప్ దాన్నీ ప్రమాదమన్నట్టు ఎర్రగా చూపిస్తుంది. చెమటకి, సిమెంటు దుమ్ముకి వెల్క్రో పట్టు వదిలేస్తుంది.

అన్నిటికన్నా బాధపెట్టింది ఒక సబ్ కాంట్రాక్టర్ మాట: “ఎర్ర స్కోరు వచ్చినోణ్ణి రేపట్నుంచి రావద్దను సార్.” పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషికి ఒక రోజు కూలి పోతే ఇంటికి పంపే డబ్బులో కోతే. ఆ భయం పట్టుకుంటే సెన్సర్ తీసి జేబులో వేసుకుంటారు, వాళ్లను తప్పు పట్టలేం. అందుకే పేర్లు తీసేసి నంబర్లు పెట్టించాం. స్కోరు చూసి ఎవరి పనీ తీసేయకూడదని కాంట్రాక్టులో రాయించాం.

కొనేవాళ్లు స్కోరుతో పాటు ముడి డేటా (సెన్సర్ కొలిచిన అసలు అంకెలు) కూడా ఇస్తారో లేదో ముందే అడగండి. అది లేకపోతే వదులైన క్లాంపు మాకు దొరికేదే కాదు. విడి పట్టీలు ఎక్కువగా తెప్పించుకోండి.