కొత్తపేట డాక్టరుగారు కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లాక: నాన్నతో నాలుగుసార్లు వెళ్లొచ్చి రాస్తున్నది

ముందే మార్కులు వేసేస్తా, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. డాక్టరుగారికి ఐదుకి ఐదు. కింద బిల్లింగ్ కౌంటరుకి రెండు. రాత్రిపూట ఫోనెత్తే కాల్ సెంటరుకి సున్నా. క్యాంటీన్ ఇడ్లీకి నాలుగు, నిజంగానే బావుంది. ఆసుపత్రి పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు హైవే పొడవునా ఉన్నాయి, పేరు మార్చినా కథ పెద్దగా మారదు.

గుంటూరు కొత్తపేట తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సందుకి నాలుగు నర్సింగ్ హోములు, ఒక్కోదాని కింద ఒక మందుల షాపు, పొద్దున్నే పల్నాడు నుంచీ పెదనందిపాడు వైపు నుంచీ బస్సులు దిగి వచ్చి మెట్ల మీద కూర్చునే జనం. అక్కడ ఎనిమిది పడకల నర్సింగ్ హోములో నాన్న 1999 నుంచి ఒకే ఫిజీషియన్ దగ్గర చూపించుకునేవారు. షుగరు, బీపీ, ఈమధ్య ప్రోస్టేట్. నాన్న రిటైర్డ్ టీచరు కాబట్టి డాక్టరుగారు ఆయన్ని "మాస్టారూ" అంటారు. ఫీజు 300, పదిహేను రోజుల్లో ఎన్నిసార్లు వెళ్లినా మళ్లీ తీసుకునేవారు కాదు. పొద్దున ఆరింటికి కాంపౌండరు చీటీ మీద పేరు రాసుకునేవాడు. మన నంబరు ఎప్పుడొస్తుందో మాత్రం దేవుడికే తెలియాలి, రెండు గంటలు బెంచీ మీద కూర్చున్న రోజులున్నాయి. అదేదో స్వర్గం అన్నట్టు ఇప్పుడు రాయడం నాకిష్టం లేదు. ఆ బాత్రూమ్ గురించి అసలు రాయను.

2024 దసరాకి ఆ నర్సింగ్ హోము మూసేశారు. గేటుకి ఒక ఫ్లెక్సీ, ఇకపై డాక్టరుగారు ఫలానా ఆసుపత్రిలో అందుబాటులో ఉంటారని, పక్కన సూటు వేసుకుని చేతులు కట్టుకున్న ఫొటో. ఆయన్ని సూటులో చూడటం నాన్నకి అదే మొదలు. "పెళ్లికొడుకులా ఉన్నాడే" అన్నారు.

మొదటిసారి వెళ్లినప్పుడు అన్నీ కొత్తే. రిజిస్ట్రేషన్‌కి 150, కన్సల్టేషన్‌కి 700, ఫీజు వారం రోజులే చెల్లుతుందిట. డెబ్భై ఆరేళ్ల మనిషిని ఈమెయిల్ ఐడీ అడిగారు, నాది ఇచ్చాను, ఆ రోజు నుంచి నాకు మోకాలి మార్పిడి ప్యాకేజీల మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. తర్వాత నర్సు దగ్గర బరువు, బీపీ, ఎత్తు. ఎత్తు ప్రతిసారీ కొలుస్తారు. నాలుగుసార్లు కొలిస్తే నాలుగు రకాలుగా వచ్చింది, ఒకసారైతే నాన్న రెండు సెంటీమీటర్లు పెరిగారు. అపాయింట్‌మెంట్ 11:20కి, లోపలికి పిలిచింది 12:35కి. అంటే కొత్తపేటలో బెంచీ మీద ఎంతసేపో ఇక్కడ సోఫా మీద దాదాపు అంతసేపే, తేడా ఏసీ.

లోపల మాత్రం డాక్టరుగారు అదే మనిషి. లేచి నిలబడ్డారు నాన్నని చూసి. కాకపోతే మాట్లాడుతూనే కంప్యూటర్లో ఏదో కొట్టాలి, గళ్లు నింపితే గానీ అది తర్వాతి పేజీకి పోదు. రెండు వేళ్లతో టైపు చేస్తారు. ఏడు నిమిషాల్లో తలుపు దగ్గర అమ్మాయి తొంగి చూసింది. లాభం కూడా ఒకటి చెప్పాలి, ప్రిస్క్రిప్షన్ ప్రింటులో వచ్చింది, మందు పేర్లు పెద్దక్షరాల్లో. జనరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు, అదీ వీలైతే పెద్దక్షరాల్లో, చదివేట్టు రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన పెట్టింది. పాత చీటీలు కింది షాపు కుర్రాడు తప్ప ఈ భూమ్మీద ఎవరూ చదవలేకపోయేవాళ్లు. ఇరవై ఐదేళ్ల తర్వాత తను ఏం మాత్రలు వేసుకుంటున్నారో నాన్న మొదటిసారి చదివి తెలుసుకున్నారు.

ఆయన రాసింది రెండే పరీక్షలు, కిడ్నీలకి క్రియాటినిన్, మూడు నెలల షుగరు సగటుకి హెచ్‌బీఏ1సీ. బయటికొచ్చాక కౌంటర్లో అబ్బాయి, "సార్, ఈ రెండిటికీ ఇంకొంచెం వేస్తే సీనియర్ సిటిజన్ ప్యాకేజీ వస్తుంది, ముప్పై పరీక్షలు" అన్నాడు. వద్దన్నాను. రెండోసారీ అడిగాడు, మూడోసారి వేరే అమ్మాయి అడిగింది. డాక్టరు రాయని పరీక్షని కౌంటరు దగ్గర చీరల షాపులో రవిక గుడ్డలా అంటగట్టడం ఏమిటి? ఈ రెండు మార్కులు కూడా ఆ అబ్బాయి మర్యాదగా మాట్లాడినందుకే. ఇంకోటి, మందులు అక్కడే కొనాలన్న రూలేమీ లేదు, ప్రిస్క్రిప్షన్ తీసుకుని బయటికొచ్చేయండి, ఎవరూ ఆపరు.

ఇక కాల్ సెంటరుకి సున్నా ఎందుకంటే.

జూన్లో ఒక రాత్రి నాన్న బాత్రూమ్‌కి లేచి కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడ్డారు. దెబ్బేమీ తగల్లేదు. పాత రోజుల్లో అయితే డాక్టరుగారి ఇంటి నంబరు గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉండేది, ఎన్ని గంటలకైనా ఎత్తేవారు, తిట్టుకుంటూ ఎత్తేవారేమో, కానీ ఎత్తేవారు. ఇప్పుడు ఆయన సెల్ నంబరు ఎవరికీ ఇవ్వకూడదట, ఆసుపత్రి నంబరుకే చెయ్యాలి. తెలుగు కోసం ఒకటి నొక్కండి, అత్యవసరం కోసం రెండు నొక్కండి, ఆ పాట, చివరికి ఒకమ్మాయి పేరూ వయసూ కార్డు నంబరూ అడిగి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురమ్మంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఫోన్లో ఇంకేం చెప్పగలదు. వెళ్లాం. డ్యూటీ డాక్టరు కుర్రాడు, పాపం నిద్ర కళ్లతో ఉన్నా శ్రద్ధగానే చూశాడు, ఈసీజీ, తలకి సీటీ స్కాన్, రక్త పరీక్షలు, పొద్దుటిదాకా అబ్జర్వేషన్. బిల్లు పద్నాలుగు వేల చిల్లర. అన్నీ నార్మల్.

తొమ్మిదింటికి డాక్టరుగారు వచ్చారు. నాన్నని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు, నిలబడగానే ముప్పై పాయింట్లు పడిపోయింది. "మాస్టారూ, కొత్త మాత్రేమన్నా మొదలెట్టారా?" అన్నారు. అదే ఆసుపత్రిలో నాలుగు రోజుల ముందు యూరాలజీకి పంపితే వాళ్లు ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ రాశారు. లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోవడం ఆ మందుతో ఉన్నదే, బీపీ మాత్రలు కూడా వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలిట. ఆ ఒక్క ప్రశ్న రాత్రే ఫోన్లో అడగ్గలిగిన మనిషి అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో నిద్రపోతున్నారు. సీటీ తియ్యడం తప్పని నేననను, ఆ వయసులో పడిపోతే చూడాల్సిందే, డాక్టరుగారూ అదే అన్నారు. కానీ ఆ కొత్త మాత్ర సంగతి ఆసుపత్రి కంప్యూటర్లోనే ఉంది, రాత్రంతా ఎవరూ తెరిచి చూడలేదు.

ఆ కోపంలో నేను ఈ రివ్యూ అప్పుడే రాసేసి ఉంటే ఆసుపత్రిని ఉతికి ఆరేసి, డాక్టరుగారిని కూడా డబ్బు కోసం వెళ్లిపోయాడని నాలుగు మాటలు అనేసేవాణ్ని. నాలుగోసారి వెళ్లినప్పుడు మాది ఆఖరి నంబరు కావడంతో కొంచెం తీరిగ్గా మాట్లాడారు, అందుకని ఆగాను.

ఎందుకు మూసేశారని నాన్నే అడిగేశారు. డబ్బు సంగతి దాచుకోలేదు, ఎం.జి. ఉంది అన్నారు, అంటే మినిమం గ్యారంటీ, రోగులు వచ్చినా రాకపోయినా మొదట్లో నెలకి ఇంత అని ఇస్తారు, ఆ గడువు అయ్యాక మనం చూసినదాంట్లో వాటా. ఉద్యోగి కూడా కాదు, కన్సల్టెంటు, ముందే కోసే పన్ను, అదే టీడీఎస్, పోను చేతికొస్తుంది. ఎం.జి. గడువు అయ్యాక ఓపీలో చూసినవాళ్లలో ఎంతమంది అడ్మిట్ అయ్యారన్న లెక్క అడగడం మొదలవుతుందని నవ్వుతూనే అన్నారు, ఆ నవ్వు నాకు అంత నచ్చలేదు. కానీ నర్సింగ్ హోము నడపడం ఎలా ఉండేదో చెప్తుంటే మాకు నోట మాట రాలేదు. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ, పొల్యూషన్ బోర్డు అనుమతి, ఆసుపత్రి చెత్త రంగురంగుల సంచుల్లో వేరు చెయ్యాలి, 2016 రూల్స్ ప్రకారం 48 గంటలకి మించి ఉంచకూడదు, బండి రాకపోతే టెన్షన్ ఆయనకి. నర్సుకి రెండేళ్లు పని నేర్పితే మూడో ఏడు పెద్దాసుపత్రికో గల్ఫ్‌కో పోతుంది. ఆర్‌ఎంపీలకి కమిషన్ ఇవ్వనంటే పల్లెల నుంచి కేసులు తగ్గిపోయాయి. కొడుకు అమెరికాలో రెసిడెన్సీ, అంటే డాక్టరీ శిక్షణ, చేస్తున్నాడు, వచ్చి ఆ మెట్లెక్కడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఈ సంక్రాంతికి మూడు రోజులు సొంతూళ్లో ఉన్నారుట, ఫోను ఆపేసుకుని.

ఫోను ఆపేసుకుని అన్నప్పుడు నాకు జూన్ రాత్రి గుర్తొచ్చింది. ఆయనకి ఆ సంగతి తట్టిందో లేదో తెలీదు.

ఇంకో సంగతి ఉంది, అది ఆయన అనలేదు, నాకే గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట అమ్మకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు ముప్పై వేలకి పడ్డాయి. కొత్తపేటలో చేర్చుదామనుకుని ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఆ నర్సింగ్ హోము నెట్‌వర్క్‌లో లేదు, క్యాష్‌లెస్ కుదరదు, డబ్బు కట్టేసి తర్వాత బిల్లులు పంపండి, ఎనిమిది పడకలే అంటున్నారు కాబట్టి అసలు ఆసుపత్రి కింద వస్తుందో లేదో చూడాలి అన్నారు. పాలసీ పుస్తకం అప్పుడే మొదటిసారి చదివాను. చట్టప్రకారం రిజిస్టరై ఉండాలి, లేదంటే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, రోజంతా డాక్టరూ నర్సులూ, సొంత ఆపరేషన్ థియేటరు ఉండాలి అని ఉంది. జ్వరాలు చూసే ఫిజీషియన్‌కి థియేటరు ఎందుకు? ఆయనది రిజిస్టరైనదే, కానీ ఆ రాత్రి ఎవరు వాదించగలరు. నేరుగా కార్పొరేట్‌కి తీసుకెళ్లిపోయాం, ఐదు రోజులు, చేతి నుంచి పెద్దగా పడలేదు. డాక్టరుగారికి మాట మాత్రం కూడా చెప్పలేదు. అంటే వదిలి వెళ్లడంలో ఆయనది రెండో వంతు, మొదట వెళ్లింది మేమే. కొత్తపేట బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఇన్సూరెన్స్ కార్డు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటిదొకటి జరిగే ఉంటుంది, జ్వరానికీ దగ్గుకీ 300 ఫీజు దగ్గరికి, అసలు డబ్బులొచ్చే అడ్మిషన్‌కి హైవే మీదికి.

ఒకప్పుడు కార్పొరేట్ అంటే మద్రాసు, 1983లో అక్కడ అపోలో వచ్చింది, 1988లో హైదరాబాద్‌కి. ఇక్కడి డాక్టర్లు ఉత్తరం రాసి పంపేవాళ్లు, రోగి మళ్లీ వాళ్ల దగ్గరికే వచ్చేవాడు. డాక్టర్లు పెట్టుకున్న ఆసుపత్రులు కూడా ఇప్పుడు వేరే చేతుల్లోకి వెళ్తున్నాయి, 1997లో గుండె డాక్టర్లు కలిసి పెట్టిన కేర్ ఆసుపత్రుల్లో 2023లో బ్లాక్‌స్టోన్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ మెజారిటీ వాటా కొంది. ఇది వాళ్ల మీద ఫిర్యాదు కాదు, మేం వెళ్లింది అక్కడికి కాదు. ఇంత డబ్బు పెట్టినవాళ్లు పడకలు ఎన్ని నిండాయని అడక్కుండా ఎలా ఉంటారు, ఆ ప్రశ్న మెల్లగా దిగుతూ దిగుతూ ప్యాకేజీ అమ్మే అబ్బాయి దాకా వస్తుంది అనిపించి రాశాను.

బాధంతా కార్డు లేనివాళ్లది. బస్సు హైవే మీద ఆ ఆసుపత్రి దగ్గర ఆగదు, బస్టాండు నుంచి ఆటో 200 అడుగుతాడు, ఫీజు 850. ఇన్నిసార్లు వెళ్లినా కొత్తపేట మెట్ల మీద నేను చూసిన మొహం ఒక్కటీ ఆ సోఫాల్లో కనపడలేదు.

ఆయన దగ్గరికే వెళ్లాలనుకునేవాళ్లకి: తొమ్మిదిన్నర స్లాటు తీసుకోండి, ఆలస్యం తక్కువ. మంగళవారం రద్దీ ఉండదు, ఆ రోజు మనవాళ్లు ఆసుపత్రికి రారు కదా. నర్సింగ్ హోము మూసేటప్పుడు ఎవరి వైద్యం వివరాలున్న పాత కార్డులు వాళ్లకి ఇచ్చేశారు, మీది ఉంటే తీసుకెళ్లండి. రిజిస్ట్రేషన్‌లో ఇస్తే బయటి రికార్డు స్కాన్ చెయ్యం అంటారు, అక్కడ ఇవ్వొద్దు. లోపలికెళ్లి ఆయన టేబుల్ మీదే పెట్టండి, కంప్యూటర్ తెరవకముందే. నాన్నది పెట్టినప్పుడు 1999 పేజీ దాకా వెనక్కి తిప్పారు, తలుపు దగ్గర అమ్మాయి రెండుసార్లు తొంగి చూసి వెళ్లిపోయింది.