సొంతంగా తీయించడమా, పాత నిధిని కొనడమా?

స్ట్రీమింగ్‌లోకి దిగే టెక్ కంపెనీ ముందు రెండు దారులుంటాయి: కార్యక్రమాలను సొంతంగా తీయించడం, లేదా ఇప్పటికే ఉన్న పాత సినిమాల నిధిని కొనేయడం. 2017లో సోనీ టెలివిజన్ నుంచి ఇద్దరు అధికారులను తెచ్చుకున్న యాపిల్, 2019 నవంబరు 1న సొంత కార్యక్రమాలతోనే సేవ మొదలుపెట్టింది. అమెజాన్ మాత్రం సొంతంగా తీయిస్తూనే, 2022 మార్చిలో 845 కోట్ల డాలర్లకు హాలీవుడ్ సినిమా సంస్థ ఎంజీఎంను, దానితో పాటు 4,000కు పైగా సినిమాలను చేజిక్కించుకుంది.

ఖర్చు: సొంత సిరీస్‌లకు ఏటా డబ్బు పోస్తూనే ఉండాలి. నిధిని కొంటే భారం ఒక్కసారే మీద పడుతుంది.

శ్రమ: మొదటిదానిలో కథ నుంచి డబ్బింగ్ దాకా అంతా చూసుకోవాలి, రెండోదానిలో ఏ దేశంలో ఏ సినిమా హక్కు ఎవరి దగ్గరుందో తేల్చుకోవాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే ఉంది. మొదటి రోజు యాపిల్ దగ్గర పట్టుమని పది కార్యక్రమాలు కూడా లేవు. అందుకే నెలకు 4.99 డాలర్లు, మన దేశంలో 99 రూపాయలు మాత్రమే ధర పెట్టి, కొత్త ఐఫోన్ కొన్నవారికి ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. వెనుక పాత సినిమాలుంటే ఒక సిరీస్ తేలిపోయినా ప్రేక్షకుడికి చూడటానికి ఇంకేదో ఒకటి మిగులుతుంది.

పరికరాల అమ్మకంతో నిలబడి, ఏళ్ల తరబడి నష్టాన్ని ఓర్చుకోగల కంపెనీకి మొదటి దారి నప్పుతుంది. ప్రైమ్ లాంటి సభ్యత్వంతో ఇంటిల్లిపాదినీ రోజూ కూర్చోబెట్టాల్సిన కంపెనీకి రెండోదే మేలు.