ఫ్రెంచి రచయితలను వినాలంటే మాంట్రియలా, సెయింట్ మాలోనా?

మా అన్నయ్య కూతురు మాంట్రియల్‌లో చదువుకుంటోంది. రెండేళ్ళుగా ఫ్రెంచి నేర్చుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "అత్తా, ఫ్రెంచిలో రాసేవాళ్ళను ఎదురుగా కూర్చుని వినాలని ఉంది. ఇక్కడే ఏప్రిల్ చివర్లో జరిగే మెట్రోపొలిస్ బ్లూ సాహిత్య ఉత్సవానికి వెళ్ళనా, డబ్బులు దాచుకుని ఫ్రాన్స్‌లో సెయింట్ మాలో పుస్తకాల పండగకి వెళ్ళనా?" అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను. ఆ రాత్రంతా మాత్రం దాని గురించే ఆలోచించాను. ఈ రచయితలను ఇన్నేళ్ళుగా చదువుతున్న మనిషిని, దానికి సరైన జవాబు ఇవ్వాలి కదా.

ముందు సెయింట్ మాలో సంగతి. అది బ్రిటనీ తీరంలో కోటగోడల మధ్య ఉన్న ఊరు. 1990లో రచయిత మిషెల్ ల బ్రీ, ఆయన మిత్రులు కలిసి అక్కడ 'ఎతొనాఁ వొయాజూర్' అనే పుస్తకాల పండగ మొదలుపెట్టారు. 'ఆశ్చర్యపరిచే యాత్రికులు' అని అర్థం. ఫ్రెంచి కవి బోద్లేర్ కవితలోంచి తీసుకున్న మాట. ఏటా పెంతెకొస్తు పండగ సెలవుల్లో శనివారం నుంచి సోమవారం దాకా, మూడు రోజులు జరుగుతుంది. పారిస్‌లో పుస్తకాల పండగ పెట్టడం పెద్ద విశేషం కాదు, ప్రచురణకర్తలంతా అక్కడే ఉంటారు. ఓడలు బయల్దేరే రేవు ఊరిలో పెట్టడంలోనే ఆయన ఉద్దేశం కనిపిస్తుంది.

ఆ ఉద్దేశం 2007 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. 'ఫ్రెంచిలో ప్రపంచ సాహిత్యం కోసం' అంటూ 44 మంది రచయితలు పారిస్ దినపత్రిక 'ల మోంద్'లో ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. వెనక నిలబడి నడిపించినవాళ్ళలో ల బ్రీ ఒకరు. ఫ్రాన్స్‌లో పుట్టి రాస్తే 'ఫ్రెంచి రచయిత', హైతీలోనో కాంగోలోనో మారిషస్‌లోనో పుట్టి రాస్తే 'ఫ్రాంకోఫోన్ రచయిత', అంటే ఫ్రెంచి మాట్లాడే బయటివాడు. పుస్తకాల షాపులో అర వేరు, సభలో కుర్చీ వేరు. ఈ తేడా ఇక చాలు అన్నది వాళ్ళ మాట. అంతకుముందు ఏడాది శరదృతువులో ఫ్రాన్స్‌లోని పెద్ద బహుమతుల్లో చాలావరకు బయట పుట్టినవాళ్ళకే వచ్చాయి: కాంగో నుంచి అలాన్ మబాంకు, కామెరూన్ నుంచి లియోనోరా మియానో, కెనడాలో పుట్టిన నాన్సీ హ్యూస్టన్. సంతకాలు పెట్టినవాళ్ళలో ఒకరైన ల క్లెజియోకి మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది.

ఆ ప్రకటన మీద విమర్శలూ వచ్చాయి. సంతకం పెట్టినవాళ్ళలో చాలామంది పుస్తకాలు అచ్చయ్యేది పారిస్‌లోనే కదా అన్నారు. అది నిజమే. అయినా నాకు ఆ ప్రకటన అంటే గౌరవం, ఎందుకంటే అది కాగితం దగ్గర ఆగలేదు. ఈ పండగను వాళ్ళు మాలీ రాజధాని బమాకోకి తీసుకెళ్ళారు, హైతీకి తీసుకెళ్ళారు. 2010 జనవరిలో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో పండగ మొదలవడానికి రెండు రోజుల ముందు, 12వ తేదీన, భూకంపం వచ్చింది. పండగ కోసం పుట్టిన ఊరికి వచ్చి ఉన్న రచయిత దానీ లఫెరియేర్ అప్పుడు అక్కడే ఉన్నారు. చూసిందంతా తర్వాత పుస్తకంగా రాశారు. ఆగిపోయిన ఆ పండగను 2012లో మళ్ళీ హైతీలోనే జరిపారు. మాట ఇచ్చి మళ్ళీ వెళ్ళారే, అందుకే సెయింట్ మాలో అంటే నాకు అంత ఇష్టం.

ఇంకో కారణం మనకు దగ్గరిది. ఆ 44 మందిలో ఆనంద దేవి పేరు కూడా ఉంది. మారిషస్‌లో పుట్టిన తెలుగు మూలాల రచయిత్రి, రాసేది ఫ్రెంచిలో, అమెరికాలో ఇచ్చే అంతర్జాతీయ సాహిత్య బహుమతి నోయిస్టాట్ 2024లో ఆమెదే. మారిషస్‌లో మనవాళ్ళను ఒకప్పుడు 'కోరంగివాళ్ళు' అనేవారు, కోరంగి రేవు పేరు మీదుగా. ఆ కోరంగికి పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. 1735 నుంచి మారిషస్‌ను ఏలిన గవర్నర్ లా బూర్దొనే పుట్టింది ఈ సెయింట్ మాలోలోనే. వలసపాలకుడిని పంపిన ఊళ్ళో పండగ నడిపేవాళ్ళ పక్కన, వలసకూలీలు వెళ్ళిన దీవి నుంచి వచ్చిన మన మనిషి సమానంగా నిలబడి ఆ ప్రకటన మీద సంతకం పెట్టింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక మాంట్రియల్. మెట్రోపొలిస్ బ్లూని మొదలుపెట్టింది లిండా లీత్, తొలి ఉత్సవం 1999లో. దీని దారి వేరు. ఫ్రెంచి, ఇంగ్లీషు, స్పానిష్ ఇంకా ఎన్నో భాషల రచయితలను ఒకే చప్పరం కిందికి తెస్తారు. వీళ్ళ పెద్ద బహుమతి 2000లో, మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రపు నవలాకారిణి మరీ క్లేర్ బ్లే తో మొదలైంది. 2003లో కరీబియన్ దీవి గ్వాడలూప్‌కి చెందిన మరీజ్ కోండే, 2010లో లఫెరియేర్ అందుకున్నారు. ఇంగ్లీషులో రాసే మనవాళ్ళు అమితావ్ ఘోష్ 2011లో, అనితా దేశాయ్ 2017లో అందుకున్నారు. ఫ్రెంచి రచయిత ఇక్కడ అన్ని భాషలవాళ్ళ మధ్య ఒకరు.

ఇది మంచిదే, కానీ నా మనసులో ఒక చిన్న లోటు. ఇన్ని భాషలు కలిసే చోట ఇంగ్లీషే వారధి అవుతుంది. ఫ్రెంచిలో రాసే మనిషి మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి దిగితే, వాళ్ళ పుస్తకంలో వినిపించిన గొంతు అక్కడ దొరకదు. జవాబు సరిగ్గానే ఉంటుంది, తడుముకోవడం, మాటల మీద చమత్కారం పోతాయి. శ్రీకాకుళం యాసలో కథలు రాసేవారు వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడితే మనకెలా ఉంటుందో అలాగే. అందుకే కార్యక్రమం ఏ భాషలోనో ముందు చూసి, ఫ్రెంచి అని రాసి ఉన్నదానికే వెళ్ళమని మా పిల్లకి గట్టిగా చెప్పాను.

మాంట్రియల్‌కి ఉన్న అసలు బలం వేరే ఉంది. అక్కడి ఫ్రెంచి పోట్లాడి నిలబడిన భాష. 1977లో ఫ్రెంచి కోసం క్యుబెక్‌లో 101వ చట్టం తెచ్చుకుని బళ్ళలో, ఆఫీసుల్లో, షాపు బోర్డుల మీద నిలబెట్టుకున్నారు. పైగా ఆ భాషలో రాస్తున్నవాళ్ళలో బయటినుంచి వచ్చి నేర్చుకున్నవాళ్ళు ఎందరో. కిమ్ తూయీ పదేళ్ళ వయసులో వియత్నాం నుంచి పడవలో పారిపోయి, శరణార్థి శిబిరం దాటి క్యుబెక్ చేరింది. 2009లో వచ్చిన తొలి నవలే ఆమెకు పేరు తెచ్చింది. లఫెరియేర్ 1976లో హైతీ నుంచి ఇక్కడికే వచ్చారు, 2013లో ఫ్రాన్స్‌లో ఆ భాషకు పెద్దదిక్కైన ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యారు. మా పిల్లలాగా మధ్యలో ఫ్రెంచిలోకి అడుగుపెట్టినవాళ్ళకి ఇలాంటివాళ్ళ మాటలు ధైర్యం ఇస్తాయి. పారిస్‌లో పుట్టిపెరిగిన రచయిత ఆ ధైర్యం ఇవ్వలేరు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మాంట్రియల్‌లో మెట్రో టికెట్ సరిపోతుంది. సెయింట్ మాలో అంటే విమానం, మన పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా, పారిస్ నుంచి రెండు గంటలకు పైగా రైలు, పండగ సెలవుల్లో హోటల్ గది దొరుకుతుందా అన్న టెన్షన్.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మూడో దారి ఉంది, ఢిల్లీ ప్రపంచ పుస్తక ప్రదర్శన లాంటివి. 2023లో ఫ్రాన్స్ అక్కడ అతిథి దేశం, అంతకుముందు ఏడాదే నోబెల్ అందుకున్న అనీ ఎర్నో వచ్చారు. కలకత్తాలో 2018లో ఫ్రాన్స్ అతిథి. అవకాశం వస్తే వదులుకోవద్దు, కానీ ఫ్రాన్స్ ఏటా అతిథిగా రాదు.

రెండిట్లో ఏది మేలంటే, నేను సెయింట్ మాలో అనే అంటాను. ఫ్రెంచిలో రాసేవాళ్ళంతా ఒకే వరసలో కూర్చుని, తమ భాషలోనే వాదించుకునే చోటు అది. అయితే రెండేళ్ళ ఫ్రెంచితో అక్కడ కూర్చుంటే కష్టం. నలుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే, అందులో ఒకరిది హైతీ యాస, ఒకరిది సెనెగల్ యాస అయితే, సగం గాలికి పోతుంది. అంత దూరం వెళ్ళి సగం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అందుకని ఈ ఏప్రిల్, వచ్చే ఏప్రిల్ మాంట్రియల్‌లోనే ఫ్రెంచి కార్యక్రమాలకు వెళ్ళమన్నాను. మూడో ఏడు సెయింట్ మాలో టికెట్‌లో సగం నాది. ఈలోగా చదవడానికి ఆనంద దేవి 2006 నవల పంపాను, మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడలో నలుగురు పిల్లల గొంతులతో నడిచేది. నిన్న మెసేజ్ పెట్టింది: "అత్తా, మొదటి పేజీకే గంట పట్టింది. రెండోది అరగంటలో అయిపోయింది."