ఆరేళ్లుగా మా వంటింట్లో ఉన్న చేపల దాక

అమలాపురం దగ్గర ఒక కుమ్మరి కుటుంబం దగ్గర 2019 మే నెలలో ఈ మట్టి దాక కొన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో చేపల పులుసు ఇందులోనే. పొయ్యి కట్టేశాక కూడా పులుసు ఉడుకుతూనే ఉంటుంది, నాకు ప్రాణం అదే. గ్యాస్ ఆపి, మూకుడు మూసి, కంచాలు పెట్టుకుని వచ్చేసరికి ఇంకా కుతకుతలాడుతుంటుంది. ముక్క చిదరదు, గరిటె పెట్టక్కర్లేదు. అంచు పట్టుకుని ఒకసారి కుదిపితే చాలు.

ఆ మొదటి ఏడాది మాత్రం ఏడుపొచ్చింది. గంజి కాచి పదును చేసి, నాలుగైదుసార్లు వండి అటక మీద పెట్టాను. గోదారికి ఎర్రనీరు వచ్చింది, పులస దొరికింది. దాక దింపి చూస్తే లోపల అడుగున కందిబద్దంత పెచ్చు లేచిపోయి ఉంది. ఆ గుంటలో తెల్లటి పొడి. అంత ఖరీదైన చేపను ఆ రోజు స్టీలు గిన్నెలో వండాల్సి వచ్చింది.

మర్నాడే దాక ఆ కుమ్మరి దగ్గరికి పట్టుకెళ్లి "ఇదేంటి బాబాయ్?" అన్నాను. ఆయన గోటితో గీకి చూశాడు. "నత్తగుల్లమ్మా. చెరువు మట్టిలో ఉంటాయి కదండి, ఎంత ఏరినా ఒకటీ అరా ఉండిపోద్ది. ఆవంలో కాలి సున్నమైపోద్ది. తర్వాత చెమ్మ తగిలితే ఉబ్బి మట్టిని నెట్టేస్తదండి." వేలి కణుపుతో దాకను తట్టాడు, ఖంగుమంది. "బీటు లేదమ్మా, వాడుకోండి" అంటూనే ఇంకొకటి చేతిలో పెట్టాడు. డబ్బులు ఇస్తే పుచ్చుకోలేదు.

పాతదాన్ని పడేయబుద్ధి కాలేదు. మళ్లీ గంజి కాచాను. ఇప్పటికీ చుక్క కారలేదు. కొత్తదాంట్లో గోంగూర పప్పు వండుతున్నాను.

మట్టిలో ఏం వండినా రుచేనని అప్పట్లో చుట్టాలందరికీ చెప్పాను. అది నిజం కాదు. వేపుళ్లకు నాకు ఇనుప మూకుడే బాగుంది. చేపల దాకలో ఇంకేం వండినా నీచువాసన వస్తుంది. ఒకసారి సబ్బుతో తోమితే తర్వాతి పులుసంతా సబ్బు వాసనే. ఇప్పుడు కొబ్బరిపీచు, బూడిద, వేడినీళ్లు, అంతే.

మాది గ్యాస్ పొయ్యి, పులుసు వారానికి ఒకసారి, తోమేది నేనే. అందుకే ఇన్నాళ్లు నిలిచిందేమో. ఇండక్షన్ మీద మాత్రం పనిచేయదు. హైదరాబాద్‌లో మా అమ్మాయికి ఉన్నది అదే, అందుకని దానికి పంపలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే వండి పెడుతున్నాను.